వైస్ ప్రిన్సిపాల్ పాడుతుండగా అందుకోవడం

2023 జూన్ రెండో వారంలో మా విద్యాసంస్థ నన్ను సరూర్‌నగర్ బడి నుంచి ఎల్బీనగర్ బడికి బదిలీ చేసింది. హోదా అదే, కాయిర్ మిస్ట్రెస్. అంటే బృందగానం నేర్పే టీచరు. జీతం మిగతా టీచర్లతో సమానం, గౌరవం మాత్రం డ్రాయింగ్ మాస్టారికి ఒక మెట్టు కింద. మరుసటి ఏప్రిల్ నెలాఖరుకు నా రిటైర్మెంటు. ఆఖరి ఏడాదిలో ఈ బదిలీ ఏమిటని ఒంటికాలి మీద లేచాను గాని, ఉత్తర్వు పూర్తిగా చదివాక ఊరుకున్నాను. ఎల్బీనగర్ బడిలో టీచర్లూ, ఇతర సిబ్బందీ కలిసిన పెద్దల కాయిర్ ఒకటి కట్టాలి. జనవరిలో వ్యవస్థాపక దినోత్సవం నాటికి దాన్ని వేదిక ఎక్కించాలి. ఇరవై తొమ్మిదేళ్లుగా పిల్లలతోనే పాడించిన నాకు పెద్దలంటే కొత్త.

చేరిన రోజే కరస్పాండెంటుగారు పిలిపించారు. ప్రైవేటు బడుల్లో కరస్పాండెంటంటే యాజమాన్యం తరఫున నిర్ణయాలు చేసే మనిషి, ప్రిన్సిపాల్ కన్నా పైన. ఆయన విజయవాడ వైపు మనిషి. మాట మెత్తన, పట్టు గట్టి.

"ఎస్తేరుగారూ, మీ తరువాత ఆ పోస్టు ఉంచాలా తీసేయాలా అని బోర్డులో మాట్లాడుకుంటున్నాం. కీబోర్డు వాయిస్తూ పాడించే పాటలకు ఇప్పుడు ట్రాకులు దొరుకుతున్నాయి. బటన్ నొక్కితే వస్తుంది. మనిషెందుకండీ?" అన్నారు.

నాకు చుర్రుమంది. బటన్ నొక్కితే రానిది పాడిస్తే ఏం చేస్తారని అడిగాను. ఆయన, వాయిద్యం లేకుండా, ట్రాకు లేకుండా మనవాళ్లు ఉత్త గొంతులతో నిలబడి పాడగలిగితే పోస్టు ఉంచుతామని మాటిచ్చారు. లేకపోతే నాతోనే సరి.

ఆ పోస్టు నాకోసం కాదు, రేణుక కోసం. దేవరకొండ వైపు పల్లె నుంచి సరూర్‌నగర్ వచ్చి స్థిరపడిన ఇంటి పిల్ల. ఏడో తరగతి నుంచి నా కాయిర్‌లో పాడింది. డిగ్రీ అయ్యాక చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటరు కౌంటర్లో ఫోన్లు ఎత్తే పనికి కుదిరితే, నేనే లాక్కొచ్చి కాంట్రాక్టు మీద నాకు అసిస్టెంటుగా వేయించాను, ఎల్బీనగర్‌కూ నాతోపాటే వచ్చింది. నా పోస్టు ఉంటే అది ఆమెకు వస్తుంది. పోస్టు పోతే ఆమె కాంట్రాక్టూ పోతుంది. విషయం ఆమెకు చెప్పాను.

"మళ్ల ఆ కౌంటర్ల కూసొని, 'సీట్లు అయిపోతున్నయి సార్, జల్ది రాండ్రి' అని చెప్పుడు నాతోని కాదు మేడం" అంది.

వాయిద్యం లేని పాటలంటే నాకు ముందుగా గుర్తొచ్చినవి ఐరోపాలో పదహారో శతాబ్దంలో పుట్టినవి. రినైసాన్స్, అంటే పునరుజ్జీవన కాలం అంటారు. అప్పటి గాత్ర రచనలు చాలావరకు గొంతులకోసమే అల్లినవి, పక్కన వాయిద్యం లేదన్న లోటు కనిపించదు. రెండు ఎంచుకున్నాను. ఒకటి శాంతినివ్వమని అడిగే చిన్న లాటిన్ ప్రార్థన. రెండోది, వసంతం వచ్చింది గాని ప్రియురాలు రాలేదని ఒకడు వాపోయే ఇటాలియన్ పాట. ఆ రోజుల్లో ఒకే స్వరకర్త పొద్దున చర్చికి రాసేవాడు, సాయంత్రం ప్రభువులు భోజనాలయ్యాక పాడుకోవడానికి రాసేవాడు. మాటలు మారతాయి గాని అల్లిక రెంటికీ ఒకటే.

ఆ అల్లిక గురించి రెండు మాటలు చెప్పాలి. మన పాటలో ఒక వరస ఉంటుంది, మిగతావాళ్లు దానికి తోడు. ఇందులో నాలుగు గొంతులకు నాలుగు వరసలు, నాలుగూ సమానమే. స్త్రీలలో పై గొంతు సొప్రానో, కింది గొంతు ఆల్టో. పురుషుల్లో పైది టెనర్, కిందిది బేస్. ఒక గొంతు ఒక వాక్యం ఎత్తుకుంటుంది. అది సగంలో ఉండగానే రెండో గొంతు అదే వాక్యాన్ని అందుకుంటుంది, తరువాత మూడోది, నాలుగోది. ముందు ఎత్తుకున్నవాళ్లు ఆగరు, మరో దారి పట్టి సాగిపోతారు. ఎవరి వాక్యం ఎక్కడ ముగిసిందో వినేవాళ్లకు తెలియకూడదు.

జూలైలో గొంతులు పరీక్షించాను. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, ట్యూనింగ్ ఫోర్కును మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకుని, ఆ స్వరం నేను పలికి, అక్కడి నుంచి కిందికెంత దిగగలరో పైకెంత ఎక్కగలరో చూడటం పద్ధతి. గొంతుకు ముగ్గురు చొప్పున పన్నెండు మంది తేలారు. సొప్రానోలకు పెద్ద విజయలక్ష్మిగారు. వైస్ ప్రిన్సిపాల్, లెక్కల టీచరు. బాపట్ల మనిషి, దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడి ముప్పై ఏళ్లు. చిన్నప్పుడు వర్ణాల దాకా కర్ణాటక సంగీతం నేర్చుకున్నారు. స్టాఫ్ మీటింగులో ఆవిడ మాట్లాడుతుంటే ఫ్యాను కూడా చప్పుడు చేయడానికి జంకుతుందని వెనకాల అనుకునేవాళ్లు. బేస్‌లకు పెద్ద జంగయ్య, బడి బస్సుల ఇన్‌ఛార్జి. మంగళవారం వచ్చిందంటే కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుళ్లో భజనకు తప్పక హాజరు. టెనర్లకు పీఈటీ మాస్టారు. ఆల్టోలకు రేణుక.

సాధన రోజూ బడి వదిలాక, లైబ్రరీలో. ఇటాలియన్ పాటకు అర్థం ఏమిటని విజయలక్ష్మిగారు మొదటిరోజే అడిగారు. చెప్పాను. ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"పాడతాలెండి. కాని అర్థం మాత్రం పేరెంట్సుకి చెప్పకండి, పరువు పోతుంది."

"అర్థం చెప్పకున్నా ఎరుకైతది మేడం. గంత రాగం తీస్తుండంటె ఎవలకోసమో ఏడుస్తుండనే గద" అన్నాడు జంగయ్య. విజయలక్ష్మిగారు నవ్వు ఆపుకోలేకపోయారు.

ఆ కాలపు రాతల్లో ఇప్పటి స్వరపత్రాల్లా ఇన్నేసి లెక్కలకు, అంటే చేతి ఊపులకు, ఒక అడ్డగీత ఉండదు. చెయ్యి కిందికీ పైకీ సమానంగా ఆడుతూ ఉంటే పాట దాని మీద నడుస్తుంది. మన తాళంలా సమం దగ్గర దెబ్బ పడదు. ఈ ఒక్కటీ విజయలక్ష్మిగారికి మింగుడు పడటానికి రెండు వారాలు పట్టింది. మిగతావన్నీ చకచకా వచ్చేశాయి. జంగయ్యకు స్వరపత్రం చదవడం రాకపోతే రేణుక పాడి వినిపించేది, ఆయన పట్టేసుకునేవాడు. విడివిడిగా వింటే నాలుగు వరసలూ బంగారం. నేను లోలోపల మురిసిపోయాను.

ఆగస్టులో నాలుగు గొంతులూ కలిపాను. అంతే, పాట కాస్తా భజన అయిపోయింది.

సొప్రానోలు వాక్యం ఎత్తుకుంటారు, అందరూ చేతులు కట్టుకుని వింటారు. వాళ్ల వాక్యం పూర్తయ్యాక ఆల్టోలు మొదలుపెడతారు, సొప్రానోలు ఆపేస్తారు. వాళ్లదయ్యాక టెనర్లు. తరువాత జంగయ్య బృందం, గుళ్లో లాగే తన్మయంగా కళ్లు మూసుకుని. ఒకే వాక్యం నాలుగు సార్లు వినపడింది తప్ప అల్లిక అన్నది మచ్చుకైనా లేదు.

లెక్క తప్పుతున్నారనుకున్నాను. పక్క గొంతు పాడుతుండగా మౌనంగా ఎన్ని లెక్కలు గడపాలో తెలియడం ఈ సంగీతంలో సగం విద్య. లెక్కల టీచరున్న కాయిర్‌లో నాలుగంకెలు లెక్కపెట్టలేరా అని అరిచాను కూడా. విజయలక్ష్మిగారు కనుబొమ్మ ఎత్తారు, నేను గొంతు దించాను. చప్పట్లతో లెక్క పెట్టించాను. ఒక్కరూ తప్పలేదు. సొప్రానో వరస నేను పాడి రేణుకను అందుకోమన్నాను, సరిగ్గా అందుకుంది. అదే వరస విజయలక్ష్మిగారు పాడితే రేణుక నోరు పెగల్లేదు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

"ఏమైందే నీకు? ఇప్పుడేగా పాడావు! ఈసారి అందుకోకపోతే ఊరుకోను" అని గదిమాను. రేణుక గట్టిగా ఊపిరి తీసుకుని, విజయలక్ష్మిగారి వాక్యం నడుమ అందుకుంది. వెంటనే విజయలక్ష్మిగారు పాట ఆపి, చెయ్యి చాచి, "కానివ్వమ్మా" అన్నారు. రేణుక కూడా ఆపేసింది.

"అయ్యో, మీరు కానియ్యండి మేడం."

"లేదు లేదు, నువ్వెత్తుకున్నావుగా, కానియ్యి."

"మీది అయినంక నేను పాడ్త మేడం."

బంతిలో చివరి బూరె ముందు ఇద్దరు మర్యాదస్తులు కూర్చున్నట్టుంది వ్యవహారం. ఇద్దరూ నావైపు చూశారు. నేను కుర్చీలో కూలబడ్డాను.

ఎందుకు ఆగుతున్నారని జంగయ్యను అడిగితే, ఆయన నన్నే వింతగా చూశాడు. "పెద్ద మేడం ఇంక పాడుతనే ఉన్నది గద. నడుమల ఎట్ల దూరుతం? గుళ్లె గూడ గురువు లైను అయినంకనే మేం అందుకుంటం" అన్నాడు. ఇక విజయలక్ష్మిగారు, కచేరీలో పక్కవాళ్లు అందుకున్నప్పుడు మనం వదలడం సంస్కారం కదండీ అని నాకే పాఠం చెప్పారు. అందరికీ లెక్క వచ్చు. ఎవరికీ తప్పు లేదు. పెద్దల మాటకు అడ్డం వెళ్లకూడదన్న పెంపకం ముందు పదహారో శతాబ్దపు ఇటలీ నిలబడలేకపోయింది, అంతే. బడిపిల్లలతో నాకు ఈ బెడద ఎప్పుడూ రాలేదు. వాళ్లు మామూలుగానే ఒకరి మాట మీద ఒకరు మాట్లాడతారు.

తిడితే పోయే జబ్బు కాదిది. మీ మర్యాద తప్పండీ అని వైస్ ప్రిన్సిపాల్‌కు చెప్పే ధైర్యం నాకూ లేదు. ఆ వారమంతా ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేదాకా ఇదే ఆలోచన. రేణుక నా పక్కనే కూర్చుని చైతన్యపురి రాగానే దిగిపోయేది. ఆమెకు పోస్టు భయం పట్టుకుంది. నిజం చెప్పాలంటే నాకూ పట్టుకుంది.

మందు స్టాఫ్ మీటింగులో దొరికింది. వేదిక మీద ఎవరెక్కడ నిలబడాలో రేణుక వివరిస్తోంది. ఆమె వాక్యం సగంలో ఉండగానే విజయలక్ష్మిగారు అందుకుని, తన మాట మొదలుపెట్టేశారు. ఆవిడకు ఏ సంకోచమూ లేదు, వింటున్నవాళ్లలో ఎవరికీ అది వింతగానూ అనిపించలేదు. నేను మాత్రం ఎగిరి గంతేయలేదు, అంతే! చిన్నవాళ్లు పెద్దల మాట మధ్యలోకి రారు. పెద్దలు చిన్నవాళ్ల మాట మధ్యలోకి ఎప్పుడైనా వస్తారు. అలాంటప్పుడు పాటను చిన్నవాళ్లతో మొదలుపెట్టిస్తే సరి.

మరునాడే ప్రార్థన మార్చేశాను. అదే కాలానిది, అంతే పొడవుది మరొకటి తీశాను. అందులో ముందు ఆల్టోలు ఎత్తుకుంటారు, తరువాత బేస్‌లు, ఆపైన టెనర్లు, అందరికన్నా ఆఖర్న సొప్రానోలు. రేణుక, జంగయ్య, పీఈటీ మాస్టారు, వైస్ ప్రిన్సిపాల్. మా బడి హోదాల వరస కింది నుంచి పైకి సరిగ్గా అదే. రేణుక గొంతుకు కాస్త ఎత్తనిపిస్తే శ్రుతి కొంచెం దించాను. ఆ కాలంలో శ్రుతికి కచ్చితమైన ఎత్తు లేదు, పాడేవాళ్లను బట్టి సర్దుకునేవారు కాబట్టి దోషం లేదు. ఇటాలియన్ పాటలోనూ ఆల్టోలే ముందు ఎత్తుకునే భాగం ఎంచుకున్నాను. ఈ వరస వెనక ఉన్న కిటుకు మాత్రం ఎవరికీ చెప్పలేదు.

చిన్నదాని మాటకు అడ్డం వెళ్లడంలో మా స్టాఫ్ చూపించిన చురుకు అప్పుడు చూడాలి! రేణుక వాక్యం సగంలో ఉండగానే జంగయ్య వచ్చిపడ్డాడు, ఆయన్ను తోసుకుంటూ పీఈటీ మాస్టారు, ఆపైన విజయలక్ష్మిగారు. లెక్క తప్పితే ఒట్టు. అల్లిక మొదటిసారి వినపడింది. ఆ సాయంత్రం అందరికీ నేనే టీ, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాను.

కాని సగం రోగమే కుదిరింది. విజయలక్ష్మిగారు ప్రవేశించగానే రేణుక గొంతు సన్నబడేది, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోయేది. పైగా సరిగ్గా అక్కడే ఈ సంగీతానికి ప్రాణమైన ఒక పట్టు ఉంది. రేణుక ఒక స్వరం పట్టి నిలబడుతుంది. విజయలక్ష్మిగారు దాని పక్క స్వరం మీదకు వస్తారు. రెండూ ఒరుసుకుంటాయి, చెవికి కొంచెం గుచ్చుకుంటుంది. మరుసటి లెక్కకు రేణుక ఒక మెట్టు దిగుతుంది, హాయిగా కలిసిపోతుంది. దీన్ని మా వృత్తిలో సస్పెన్షన్ అంటారు. ఆ మాట వినగానే స్టాఫంతా ఉలిక్కిపడితే, ఇది ఉద్యోగం పోయే రకం కాదని సర్దిచెప్పాల్సి వచ్చింది. ఆ ఒరిపిడి లేకపోతే దిగినప్పటి హాయి లేదు. అందుకు కింది గొంతు కదలకుండా నిలబడాలి.

"అపస్వరం కదండీ ఇది?" అన్నారు విజయలక్ష్మిగారు. ఆ మాటతో రేణుక తనదే తప్పనుకుని స్వరాన్ని మింగేసేది.

నేను ఒక పని చేశాను. రేణుకను అక్కడ ఆపేయమని, విజయలక్ష్మిగారిని ఒక్కరే పాడమన్నాను. పాడాక ఫోర్కు కొట్టి వినిపించాను. ఆవిడ స్వరం కిందికి జారి ఉంది. మళ్లీ, ఈసారి రేణుకను గట్టిగా నిలబడమన్నాను. ఫోర్కు కొట్టాను. వెంట్రుకవాసి తేడా లేదు. మూడుసార్లు ఇలాగే చేయించాను. సంగీతం తెలిసిన మనిషి కదా, వాదించలేదు. రేణుక వైపు తిరిగారు.

"నువ్వు ఆగిపోతే నాకు చోటు తెలియటం లేదమ్మా. నేనొచ్చానని ఆగకు."

"సరే మేడం" అంది రేణుక. ఆ రోజు మెట్రోలో మాత్రం నామీద విరుచుకుపడింది. "మీకేంది మేడం, మీరు రిటైరై పోతరు. రేపు ఈమె ముంగట పనిచేసేది నేను. నా మీద ఆమె చెప్పే మాటనే గద బోర్డు వినేది. ఆమెకు అడ్డం నిలవడి పాడుమంటరు, పాట అయినంక ఏమనుకుంటదో ఎవలకెరుక?" ఆమె చెప్పినదాంట్లో తప్పులేదు కనుక నాకు కోపం రాలేదు. రేపటి నుంచి ఆవిడ భుజానికి భుజం ఆనించి నిలబడి పాడు, అలవాటవుతుంది అన్నాను. అలవాటైంది గాని, పూర్తిగా కాదు. డిసెంబరు దాకా పదిసార్లు పాడితే ఏడెనిమిది సార్లు నిలబడేది.

జనవరిలో వ్యవస్థాపక దినోత్సవం. ముందు వరసలో కరస్పాండెంటుగారు, పక్కన బోర్డు సభ్యులు. మాకు మైకులు వద్దన్నాను. ఇటాలియన్ పాట ముందు పాడాం. ప్రియురాలు రాలేదన్న బాధను మావాళ్లు ఎంత హుషారుగా పాడారంటే జనం చప్పట్లు కొట్టి ఈలలు వేశారు. అర్థం ఎవరికీ చెప్పలేదు గనుక పరువు నిలిచింది. తరువాత ప్రార్థన. ఫోర్కు కొట్టి శ్రుతి ఇచ్చి చెయ్యి దించాను. రేణుక ఎత్తుకుంది. జంగయ్య అందుకున్నాడు. పీఈటీ మాస్టారు అందుకున్నారు. అంతా సవ్యం.

అప్పుడు విజయలక్ష్మిగారు ఒక లెక్క ముందే వచ్చేశారు.

ఇది నా మందు వికటించడమే. చిన్నదాని మాట మధ్యలోకి వెళ్లడానికి ఆవిడను నాలుగు నెలలు ఉసిగొల్పింది నేనే. వేదిక ఎక్కేసరికి ఆ ఉత్సాహం ఒక పిసరు ఎక్కువైంది. ఆవిడ కళ్లు కాగితం మీదున్నాయి, నా చెయ్యి చూడటం లేదు. మన దగ్గర ప్రధాన గాయని తాళం తప్పితే పక్కవాళ్లు చటుక్కున సర్దుకుని ఆవిడను కలుసుకుంటారు, సభకు తెలియనివ్వరు. అదే నేర్పు అంటాం. ఇక్కడ ఆ నేర్పు చూపిస్తే మునిగిపోతాం. రేణుక ఆవిడకోసం ఒక లెక్క ముందు దిగిందా, టెనర్లూ బేస్‌లూ ఒక దారి, ఆడవాళ్లు ఒక దారి అవుతారు. పట్టుకోవడానికి వాయిద్యం లేదు. జంగయ్యా, పీఈటీ మాస్టారూ కళ్లు తిప్పి రేణుకనే చూస్తున్నారు. నేను చెయ్యి ఆడించడం తప్ప ఏమీ చేయలేను, అరవలేను కదా!

రేణుక దిగలేదు. తన స్వరం ఎంతసేపు ఉండాలో అంతసేపూ పట్టుకుని నిలబడింది, గొంతు సన్నబడకుండా. ఆ ఒక్క లెక్కపాటు వినిపించింది మేం సాధన చేసిన ఒరిపిడి కాదు, పచ్చి గొడవ. విజయలక్ష్మిగారు తల తిప్పి రేణుకను చూశారు. భుజానికి భుజం ఆని ఉంది. ఆవిడకు తెలిసిపోయింది. తన స్వరాన్ని ఇంకో లెక్క సాగదీసి, వచ్చి సరైన చోట కూర్చున్నారు. అప్పుడు రేణుక ఒక మెట్టు దిగింది. నాలుగు గొంతులూ కలిసి, చివరి మాట దాకా ఎక్కడా తడబడలేదు. పాట ఆగాక కరస్పాండెంటుగారే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

వేదిక వెనక విజయలక్ష్మిగారు మంచినీళ్లు తాగి, కొంగు సర్దుకుని, రేణుకను ఒకసారి ఎగాదిగా చూసి, అతిథుల దగ్గరకు వెళ్లిపోయారు. సోమవారానికల్లా రేణుక వైస్ ప్రిన్సిపాల్‌కు ఎదురు పాడిందట అని స్టాఫ్ రూములో గుసగుసలు. ఎదురు పాడటం కాదర్రా, నిలబెట్టిందని నేను చెప్తే వినేదెవరు? విజయలక్ష్మిగారు వారమంతా రేణుకతో ముక్తసరిగానే ఉన్నారు.

"నా పని ఖతం మేడం" అంది రేణుక. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఆ రోజు నువ్వు ఆవిడకోసం దిగి ఉంటే నీ పని నేనే ఖతం చేసేదాన్ని. పో, పోయి పిల్లలకు గొంతు వ్యాయామాలు చేయించు" అని కసిరాను. కసిరానే గాని, ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. పాట నెగ్గి పిల్ల ఓడిపోతే నేను చేసిందేమిటి?

ఫిబ్రవరి మొదట్లో కరస్పాండెంటుగారు నన్నూ, విజయలక్ష్మిగారినీ పిలిచారు. పాట బాగుందన్నారు, బోర్డు సభ్యులకు నచ్చిందన్నారు. మాట ప్రకారం పోస్టు ఉంటుందన్నారు. ఊపిరి పీల్చుకునేలోపు అసలు ప్రశ్న వేశారు. "పోస్టు సరే. ఆ అమ్మాయికే ఇవ్వాలా అన్నది నా సందేహం. వయసు చిన్నది. ఇది పెద్దల కాయిర్. మీరంటే సీనియరు, మీ మాట వింటారు. ఆ అమ్మాయి పెద్దవాళ్లను అదుపులో పెట్టగలదా?"

నేను నోరు తెరిచేలోపు విజయలక్ష్మిగారు అందుకున్నారు.

"నన్ను పెట్టిందండీ" అన్నారు.

కరస్పాండెంటుగారికి అర్థం కాలేదు. ఆవిడ తన సహజమైన లెక్కల టీచరు పద్ధతిలో, దశలవారీగా వివరించారు. ఆ రోజు ప్రార్థనలో తాను ఒక లెక్క ముందు వచ్చానని. తనకోసం తాళం మార్చుకోని మనిషి ఆ అమ్మాయేనని. మార్చుకుని ఉంటే పన్నెండు మందీ సభలో నవ్వులపాలయ్యేవాళ్లమని. 

"మీరు తప్పు పాడారా? నాకు తెలియలేదే!" అన్నారాయన.

"మీకు తెలియకూడదనేగా ఆ పిల్ల అంత గట్టిగా పట్టుకుంది. వారం రోజులు నాకు చిన్నతనంగా ఉండి దానితో సరిగా మాట్లాడలేదు. ఆ మాట దానికీ చెప్తాను. ఈ బడిలో నేను తప్పు చేస్తే నా వెంట వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారండీ. రానివాళ్లు ఒకరైనా ఉండాలి" అన్నారు విజయలక్ష్మిగారు.

అంతటితో అయిపోయింది. వారంలో ఉత్తర్వు వచ్చింది, ప్రొబేషన్ ఏడాది, మే ఒకటి నుంచి. రేణుక కాగితం చేతిలో పెట్టుకుని ఏడ్చింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది. జంగయ్య కర్మన్‌ఘాట్ గుడి నుంచి ప్రసాదం తెచ్చి బడంతా పంచాడు.

ఏప్రిల్ నెలాఖరున నా చివరి సాధన. ఆ రోజు రేణుక ముందు నిలబడింది, నేను పక్కన కుర్చీలో. ఫోర్కు ఆమె చేతికిచ్చి, వెళ్లేముందు చెప్పాల్సినవి చెబుదామని మొదలుపెట్టాను. మూడో వాక్యం దగ్గర ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, టెనర్లను ఎలా అదుపు చేయాలో చెబుతున్నాను. నా మాట ఇంకా సగంలోనే ఉంది. రేణుక ఫోర్కు మోకాలికి కొట్టి శ్రుతి ఇచ్చేసింది. విజయలక్ష్మిగారితో సహా మిగతా పదకొండు మందీ ఆమె చెయ్యి వైపే చూస్తున్నారు. నా వైపు ఒక్కరూ చూడలేదు. నేను నోరు మూసుకుని విన్నాను.

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల చర్చిలూ, కాలనీ సంఘాలూ బృందగానం నేర్పమని నన్ను పిలుస్తున్నాయి. వెళ్తున్నాను. మొదటి రోజు ఎవరి చేతా పాడించను. ఎవరు ఎవరికి పెద్ద, ఎవరి ఎదుట ఎవరు కూర్చోరు, ఎవరు మాట్లాడుతుంటే ఎవరు అడ్డం వెళ్తారు అన్నది కనుక్కుంటాను. గొంతుల పరీక్ష రెండో రోజు.